పస్కా పండుగలో ఒక యూదు ఇంట అన్నం వండుతారు, మరొక ఇంట ముట్టరు: ఎందుకు?

మీరు అడిగినవి మూడు సంగతులు. మీ కార్యాలయంలో పోలండ్ మూలాలున్న యూదు సహోద్యోగి పస్కా రోజులలో అన్నం ముట్టుకోనని చెప్పారు. మీ అబ్బాయి స్నేహితుడి కుటుంబం బాగ్దాద్ నుంచి వచ్చినవారు. అదే పండుగ విందుకు మిమ్మల్ని పిలుస్తూ, అన్నం లేకపోతే మాకు పండుగే కాదన్నారు. వీరిలో శాస్త్రప్రకారం నడిచేది ఎవరు, మీరు పులిహోర చేసి తీసుకువెళ్ళవచ్చా, శాకాహారులైన మీకు అక్కడ తినడానికి ఏముంటుంది అన్నవి మీ సందేహాలు. సుగంధ ద్రవ్యాల సారం తీసి ఎగుమతి చేసే కర్మాగారంలో నాణ్యతా విభాగంలో చాలాకాలం పనిచేశాను. కోషెర్ (యూదు ఆహార నియమాల) తనిఖీకి వచ్చే రబ్బీలతో, అంటే యూదు మతపండితులతో, కూర్చుని పదార్థాల జాబితాలు సరిచూడటం నా ఉద్యోగంలో భాగంగా ఉండేది. తరువాత అమెరికాలో ఉన్న కాలంలో రెండు సంప్రదాయాల ఇళ్ళలోనూ ఈ పండుగ భోజనానికి కూర్చున్నాను. అందువల్ల కాస్త వివరంగానే చెబుతాను.

ముందు మొదటి సందేహం. ఇద్దరూ శాస్త్రప్రకారమే నడుస్తున్నారు. ఒకరు నిష్ఠాపరులు, మరొకరు సడలించుకున్నవారు అనుకోవడం పొరపాటు. బాగ్దాద్ కుటుంబాలలో కొన్ని ఈ పండుగ నియమాలను ఎంత పట్టుదలగా పాటిస్తాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తేడా ఎక్కడుందంటే, ఒక నిషేధం తోరా (బైబిలులోని మొదటి ఐదు కాండములు) నుంచి వచ్చింది, అది యూదులందరికీ ఒకటే. రెండవది మధ్యయుగ ఐరోపాలో పుట్టిన ఆచారం, అది ఆ ప్రాంతపు వంశాలకే పరిమితం. అన్నం ఈ రెండవ దానికిందికి వస్తుంది.

మొదటిదాని సంగతి మన బైబిలు చదివినవారికి తెలిసినదే. ఐగుప్తు నుంచి ఇశ్రాయేలీయులు బయలుదేరిన రాత్రి పిసికిన పిండి పొంగేవరకు ఆగే వ్యవధి లేకపోయిందని నిర్గమకాండము 12వ అధ్యాయం చెబుతుంది. దాని జ్ఞాపకంగా ఏడు రోజులు పొంగని రొట్టె తినాలని, పులిసినది ఇంట్లో ఉండనే కూడదని అక్కడే ఆజ్ఞ ఉంది. ఇజ్రాయెల్లో ఏడు రోజులు, వెలుపలి దేశాలలో సంప్రదాయవాదులు ఎనిమిది రోజులు పాటిస్తారు. ఆ పులిసినదానికి హీబ్రూలో హమెత్స్ అని పేరు. దేనిని హమెత్స్ అనాలన్నది రబ్బీలు చాలా కచ్చితంగా నిర్వచించారు: గోధుమ, యవలు, రై, ఓట్స్, గోధుమ జాతికే చెందిన స్పెల్ట్ అనే ఐదు ధాన్యాలలో ఏదైనా నీటితో కలిసి కదలిక లేకుండా సుమారు 18 నిమిషాలు ఉంటే అది హమెత్స్ అవుతుంది. అందుకే మాత్సా అనే పొంగని రొట్టెను కాల్చే చోట నీళ్ళు పిండిలో పడిన క్షణం నుంచి గడియారం చూస్తూ పనిచేస్తారు. కలపడం, ఒత్తడం, పొంగకుండా ముళ్ళచక్రంతో చిల్లులు పొడవడం, పొయ్యిలో పెట్టడం అన్నీ ఆ వ్యవధిలోపలే ముగియాలి. ముగియకపోతే ఆ ముద్దను పారవేస్తారు.

ఇక్కడ తెలుగువారికి వెంటనే కలిగే సందేహం ఒకటుంది. ఇడ్లీ పిండి రాత్రి రుబ్బి పెడితే తెల్లవారేసరికి గిన్నె అంచు దాటి పొంగుతుంది కదా, బియ్యం పులియదని ఎలా అంటారు? ఈ వాదన రెండువేల సంవత్సరాల కిందటే జరిగింది. యోహానాన్ బెన్ నూరి అనే రబ్బీ బియ్యాన్ని కూడా ధాన్యంగానే లెక్కించాలని, అది కూడా పులుస్తుందని పట్టుబట్టాడు. మిగిలిన పండితులు ఒప్పుకోలేదు. బియ్యపు పిండిని నానబెట్టి వదిలేస్తే అది చివరికి చెడిపోతుందే తప్ప శాస్త్రం చెప్పిన అర్థంలో పులియదన్నారు. రబ్బీల ధర్మచర్చల సంకలనమైన తాల్ముద్‌లో పస్కాకు సంబంధించిన భాగం ఈ చర్చను భద్రపరిచింది. వంటింటి అనుభవం ఎలా ఉన్నా, ధర్మనిర్ణయం బియ్యానికి అనుకూలంగానే వచ్చింది.

అంతకంటే ఆసక్తికరమైనది అదే గ్రంథంలో కొంత ముందుకు వెళితే కనిపిస్తుంది. పండుగ రాత్రి బల్లమీద రెండు వండిన పదార్థాలు ఉంచాలన్న నియమం ఉంది. అవి ఏమిటని అడిగితే రవ్ హూనా అనే బాబిలోనియా పండితుడు బీట్ కూర, అన్నం అని జవాబిస్తాడు. ఆయన నోటి నుంచి వచ్చిన మాట కాబట్టి రవా అనే మరొక గొప్ప పండితుడు పండుగకు బీట్ కూర, అన్నమే వెతికి తెప్పించుకునేవాడట. బాబిలోనియా అంటే నేటి ఇరాక్. మీ అబ్బాయి స్నేహితుడి పూర్వులు ఆ గడ్డమీదే ఉన్నారు. అన్నం లేకపోతే పండుగే కాదని ఆ కుటుంబం నవ్వుతూ అని ఉండవచ్చుగాని, ఆ మాటకు వెనుక ఇంత పాత ఆధారం ఉంది.

మరి పోలండ్ వారి నిషేధం ఎక్కడిది? 13వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో కోర్బెయ్ నగరానికి చెందిన రబ్బీ ఇసాక్ రచనలో ఇది మొదట స్పష్టంగా కనిపిస్తుంది. బీన్సు, కాయధాన్యాలు, బియ్యం, ఆవాలు వంటివాటిని పస్కాలో మానాలని అక్కడి యూదులలో అప్పటికే ఒక అలవాటు ఉండేది. కారణాలు పూర్తిగా పొలానికి, కొట్టుకు, పొయ్యికి సంబంధించినవి. ఈ గింజలను గోధుమతో పాటే పండించి అవే గోనెలలో నింపేవారు కాబట్టి కలగలుపు తప్పేది కాదు. గోధుమతో చేసే జావలాగే వీటితోనూ జావ కాచేవారు. పిండి కొడితే ఏది ఏదో చూసి చెప్పడం కష్టం. సామాన్యులు పొరబడతారేమోనన్న భయంతో మొత్తానికే దూరం పెట్టారు. ఈ వర్గానికి కిత్నియోత్ అని పేరు. ఉత్తర ఫ్రాన్స్‌లో, జర్మనీలో బియ్యం రోజువారీ ఆహారం కాదు కనుక దాన్ని వదులుకోవడం వారికి పెద్ద త్యాగమేమీ కాలేదని నా అభిప్రాయం. బాగ్దాద్‌లోనో ఇస్ఫహాన్‌లోనో ఎవరైనా ఈ ప్రతిపాదన తెచ్చి ఉంటే వినేవారే ఉండేవారు కాదు.

తరువాతి శతాబ్దంలోనే దీనికి ఎదురు చెప్పినవారున్నారు. జర్మనీలో పుట్టి స్పెయిన్‌లో స్థిరపడిన రబ్బీ యాకోవ్ బెన్ అషేర్ దీనిని మితిమీరిన కఠినత్వమన్నాడు. రబ్బీ యెరూహమ్ ఏకంగా అవివేకపు ఆచారమన్నాడు. అయినా ఆచారం నిలిచింది. 16వ శతాబ్దంలో సఫెద్ పట్టణంలో యోసేఫ్ కారో యూదు ధర్మశాస్త్రాన్ని షుల్హాన్ అరూఖ్ పేరుతో క్రోడీకరించినప్పుడు అన్నం తినవచ్చనే రాశాడు. పోలండ్ నగరం క్రాకోవ్ నుంచి మోషే ఇస్సెర్లెస్ దానికి జోడించిన వ్యాఖ్యలో, మా దేశాలలో మానేయడం ఆచారం, దానిని మార్చకూడదని రాశాడు. ఈ రెండు వాక్యాలూ నేటికీ ఒకే పుటలో పక్కపక్కనే అచ్చవుతాయి. స్పెయిన్, మధ్యప్రాచ్య సంప్రదాయాల వారు మొదటి వాక్యాన్ని, అష్కెనాజీలు అనబడే ఉత్తర, తూర్పు ఐరోపా వంశాలవారు రెండవ వాక్యాన్ని అనుసరిస్తారు. ఇందులోనూ మినహాయింపులున్నాయి, మొరాకో మూలాలున్న కుటుంబాలలో చాలామంది అష్కెనాజీలు కాకపోయినా పస్కాలో అన్నం తినరు.

రెండు నిషేధాల బరువులో ఎంత తేడా ఉందో ఒక నియమం చూస్తే అర్థమవుతుంది. మామూలుగా కోషెర్ శాస్త్రంలో నిషిద్ధమైనది ఏదైనా పొరపాటున వంటలో పడితే, అది అరవైలో ఒక వంతుకు లోబడి ఉన్నప్పుడు సాధారణంగా లెక్కలోకి రాదు. పస్కా రోజులలో హమెత్స్‌కు ఆ వెసులుబాటు లేదు. కుండెడు కూరలో ఒక్క గోధుమ గింజ కనిపించినా ప్రశ్న రబ్బీ దగ్గరికి వెళుతుంది. కిత్నియోత్ విషయంలో అష్కెనాజీలకు సైతం ఇంత తీవ్రత లేదు: అది ఇంట్లో ఉండవచ్చు, పసిపిల్లలకు, రోగులకు పెట్టవచ్చు, పొరపాటున కొద్దిగా కలిస్తే వంట పనికిరాకుండా పోదు. కరవు సంవత్సరాలలో ఐరోపా రబ్బీలు దానిని తాత్కాలికంగా అనుమతించిన సందర్భాలున్నాయి. హమెత్స్‌ను మాత్రం పండుగకు ముందు రాత్రి దీపం పట్టుకుని, ఈక, చెక్క గరిటెలతో మూలమూలలా వెతికి మరునాడు ఉదయం తగలబెడతారు. పారవేయలేనంత నిల్వ ఉంటే రబ్బీ ద్వారా యూదేతరులకు రాతపూర్వకంగా అమ్మేస్తారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం కూడా తన ఆధీనంలోని నిల్వలను ఇలాగే అమ్ముతుంది. 1990ల చివరి నుంచి చాలా ఏళ్ళపాటు వాటిని కొన్నది అబూ ఘోష్ గ్రామానికి చెందిన ఒక అరబ్ హోటల్ ఉద్యోగి. పండుగ అయ్యాక సరుకు మళ్ళీ పాత యజమానికే చేరుతుంది.

ఆ ఒక్క గోధుమ గింజ భయమే అన్నం తినే ఇళ్ళలో ఒక పెద్ద పనిని సృష్టించింది. బియ్యాన్ని పండుగకు ముందు మూడుసార్లు ఏరాలి. బాగ్దాద్ మూలాలున్న ఒక ఇంట నేను చూసినప్పుడు, బల్లమీద తెల్లని దుప్పటి పరిచి, ఒక పెద్దావిడ గుప్పెడు గింజలు పోసి, వేలి కొసతో ఒక్కొక్కటే తన వైపు నుంచి అవతలికి జరుపుతూ పోయారు. ఒక వరుస పూర్తయితే మళ్ళీ మొదటికి తెచ్చేవారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చేయి ఆపి సమాధానం చెప్పేవారు గాని, మాట్లాడుతూ ఏరేవారు కాదు. మన ఇళ్ళలో చేటలో బియ్యం ఏరినట్టే ఉంటుందిగాని, రాయి కోసం చూసే చూపు వేరు, గోధుమ కోసం చూసే చూపు వేరు. అమెరికాలో అయితే విటమిన్లు కలిపిన బియ్యాన్ని కూడా దూరం పెడతారు; ఆ విటమిన్ల పూతలో ఏ పిండి వాడారో తెలియదు కనుక ఏమీ కలపని బియ్యమే కొంటారు.

మన దేశపు యూదులందరూ ఈ విషయంలో బాగ్దాద్ వైపే. కొచ్చిన్ యూదులు అన్నం తినడమే కాక, దానికోసం నెలల ముందు నుంచే సిద్ధమయ్యేవారు. ఇల్లు సున్నం వేయడం, బావి శుభ్రం చేయడం, మసాలాలు కడిగి ఎండబెట్టి ఇంట్లోనే దంచుకోవడం, బియ్యం గింజ గింజా చూడటం వారి స్త్రీలకు ఏటా ఉండే పని. మడి వంట తెలిసిన ఇళ్ళలో పుట్టినవారికి ఆ వర్ణనలు వింటే కొత్తగా అనిపించవు. కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ సమాజం కథ ఇంకా విచిత్రం. అలీబాగ్ చుట్టుపక్కల గ్రామాలలో నూనె గానుగలు ఆడించుకుంటూ, శనివారం గానుగ ఆపేవారు కాబట్టి శనివారపు తేలీలని (గానుగవారని) పిలిపించుకున్న ఈ ప్రజలు శతాబ్దాలపాటు మిగిలిన యూదులతో సంబంధం లేకుండా బతికారు. హీబ్రూ గ్రంథాలు లేవు, పస్కా కథ మరుగున పడింది. పండుగ మాత్రం మిగిలింది, మరాఠీలో పులుపు జాడీ మూసిపెట్టే పండుగ అనే అర్థం వచ్చే పేరుతో! రోజూ అన్నంలోకి నంచుకునే ఒక పుల్లని ద్రవాన్ని ఆ ఎనిమిది రోజులు మూతపెట్టి ముట్టుకునేవారు కాదు. ఏ రాత్రి ఎవరు బయలుదేరారో మరచిపోయినవారికి పులిసినది ముట్టకూడదన్నది మాత్రం గుర్తుండిపోయింది. ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం గురించి ఎవరో ఒకరు అడుగుతారు కనుక చెబుతున్నాను: బెనె ఎఫ్రాయిము పేరుతో అక్కడ కొన్ని తెలుగు కుటుంబాలు 1980ల తరువాత యూదు జీవనాన్ని బహిరంగంగా చేపట్టి ప్రార్థనా మందిరం కట్టుకున్నాయి, పస్కా జరుపుకుంటాయి, ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల గుర్తింపు మాత్రం వారికి లేదు.

అష్కెనాజీల నిషేధం కూడా రాయిలా నిలిచిపోలేదు. అమెరికా ఖండాల నుంచి మొక్కజొన్న ఐరోపాకు వచ్చాక దానినీ కిత్నియోత్‌లో చేర్చారు. అక్కడినుంచే వచ్చిన బంగాళాదుంపను వదిలేశారు. దుంప కూడా నిషేధమయి ఉంటే తూర్పు ఐరోపా యూదులు ఆ ఎనిమిది రోజులు ఏం తినేవారో ఊహించడం కష్టం. మొక్కజొన్న చేరినందువల్ల, న్యూజెర్సీలో మీరు ఏటా వసంతకాలంలో చూసే పసుపు మూత కోకాకోలా సీసాలు పుట్టాయి. మొక్కజొన్న పాకం బదులు చక్కెర వేసి పస్కా కోసం తయారుచేసేవి అవే. యూదులలో రిఫార్మ్ అనే సంస్కరణవాద వర్గంవారు కిత్నియోత్ నిషేధాన్ని 19వ శతాబ్దంలోనే పక్కన పెట్టారు. మధ్యేమార్గంలో నడిచే అమెరికా కన్సర్వేటివ్ ఉద్యమపు ధర్మనిర్ణయ సంఘం 2015 డిసెంబరులో అన్నం, పప్పులు తినవచ్చని తేల్చింది. సంప్రదాయనిష్ఠులైన ఆర్థడాక్స్ అష్కెనాజీలు మాత్రం పాత ఆచారంలోనే ఉన్నారు. మీ సహోద్యోగి ఏ వర్గమో నాకు తెలియదుగాని, ఆయన మానేస్తే అది తన తండ్రి, తాతల వరుసకు ఆయన ఇచ్చే విలువ. ఇజ్రాయెల్లో ఈ రెండు సంప్రదాయాల మధ్య పెళ్ళిళ్ళు సర్వసాధారణం. పాత నియమం ప్రకారం భార్య భర్త ఇంటి ఆచారంలోకి వస్తుంది కాబట్టి, పోలండ్ వంశపు అమ్మాయి ఇరాక్ వంశంలోకి వస్తే ఆ ఏటి నుంచి అన్నం తినవచ్చు. అక్కడి దుకాణాలలో చాలా పొట్లాలమీద కిత్నియోత్ తినేవారికి మాత్రమే అని అచ్చువేసి ఉంటుంది.

ఇక పులిహోర. తీసుకువెళ్ళకండి. కారణాలు చెబితే మీకు బాధ ఉండదు. పొడి ఇంగువ డబ్బా తిప్పి పదార్థాల జాబితా చదవండి. చాలా రకాలలో అసలు ఇంగువ కంటే గోధుమ పిండి లేదా మైదా, తుమ్మ జిగురు ఎక్కువగా ఉంటాయి. నా ఉద్యోగంలో తనిఖీకి వచ్చిన రబ్బీలు భారతీయ మసాలా పేరు వినగానే ముందు అడిగేది దీని గురించే. అంటే చిటికెడు ఇంగువతో మీ పులిహోర అందరికీ నిషిద్ధమైన మొదటి వర్గంలోకి వెళ్ళిపోతుంది. ఇంగువ తీసేసినా పోపులోని ఆవాలు, శనగపప్పు, మినపపప్పు, నువ్వుల నూనె వాడితే అదీ, అన్నీ కిత్నియోత్ జాబితాలోనివే. వేరుశనగల మీద అష్కెనాజీలలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. మీ ఆతిథేయులకు ఈ రెండవ జాబితాతో ఇబ్బంది లేదుగాని, ఆ బల్ల దగ్గర అష్కెనాజీ అతిథులు కూడా ఉండవచ్చు. వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి గిన్నెలు. ఏడాది పొడుగునా చపాతీ పిండి కలిసిన వంటింట్లో, గోధుమ తగిలిన పాత్రలలో వండినది ఆ ఇంట్లోకి పోదు. వారు తమ సొంత పాత్రలను కూడా అటకెక్కించి, పస్కాకు మాత్రమే వాడే మరొక జత కిందికి దించుతారు. లోహపు పాత్రలను మరిగే నీటిలో ముంచి శుద్ధి చేయవచ్చు, మట్టి పాత్రలకు ఆ అవకాశమే లేదు.

చేతిలో ఏదైనా పట్టుకువెళ్ళాలనుకుంటే కోయని పండ్లు మంచివి. పువ్వులు కూడా ఇష్టపడతారు, అయితే సూర్యాస్తమయానికి ముందే చేరేలా పంపండి. పండుగ మొదలయ్యాక వాటిని నీళ్ళలో పెట్టడానికి కొందరు సందేహిస్తారు. పస్కాకు పనికివస్తుందని ముద్ర ఉన్న ద్రాక్షరసం సీసా అయినా సరే. ఆ రాత్రి ప్రతి ఒక్కరూ నాలుగు గిన్నెల ద్రాక్షారసం (వైన్) తాగాలన్నది నియమం, మద్యం అలవాటు లేనివారికి పులియని ద్రాక్షరసం పోస్తారు, మీరు మొహమాటపడనక్కరలేదు. సీసా మూత మాత్రం వారినే తీయనివ్వండి. ఆచారనిష్ఠ ఉన్న ఇల్లయితే ఫోన్ సంచిలోనే ఉంచి ఫొటోల ఆలోచన మానుకోండి.

పండుగ తేదీ విషయంలో మీరు తికమకపడినట్టు కూడా రాశారు. యూదుల పంచాంగం కూడా మనదానిలాగే చాంద్రమాసాలతో నడుస్తూ అధికమాసంతో సౌరమానానికి సర్దుకుంటుంది. 19 సంవత్సరాలలో ఏడుసార్లు అదనపు నెల వస్తుంది. పస్కా నీసాను నెల 15వ తేదీన, పౌర్ణమి సమయంలో మొదలవుతుంది. 2025లో సెడెర్ అనే పండుగ విందు రాత్రి ఏప్రిల్ 12, అదే రోజు మన చైత్ర పౌర్ణమి. అధికమాసాలు రెండు పంచాంగాలలో ఒకేసారి పడవు కనుక కొన్నేళ్ళలో నెల తేడా వస్తుంది. 2021లో అది హోళీ పౌర్ణమి దగ్గర వచ్చింది.

సెడెర్ అంటే భోజనానికి ముందు, తరువాత కూడా ఐగుప్తు నుంచి బయలుదేరిన కథ చెప్పే హగ్గదా గ్రంథం చదువుతూ సాగే సుదీర్ఘమైన కార్యక్రమం. చీకటి పడ్డాకే మొదలవుతుంది కాబట్టి అన్నం బల్లమీదికి వచ్చేసరికి తొమ్మిదిన్నర, పది కావడం మామూలే. మీ అబ్బాయికి సాయంత్రమే కాస్త ఏదైనా పెట్టి తీసుకువెళ్ళండి. ఈ రాత్రి మిగిలిన రాత్రులకంటే ఎందుకు వేరు అనే నాలుగు ప్రశ్నలు అడిగే పని ఇంట్లో చిన్నవారిది. బాగ్దాద్ ఇళ్ళలో ఒక పిల్లవాడు మాత్సాను గుడ్డలో మూటకట్టి భుజాన వేసుకుని గుమ్మం బయటికి వెళ్ళి తలుపు తడతాడు. ఎక్కడినుంచి వస్తున్నావని పెద్దలు అడిగితే ఐగుప్తు నుంచి అని, ఎక్కడికి పోతున్నావంటే యెరూషలేముకని చెప్పి లోపలికి వస్తాడు. మీ అబ్బాయిని కూడా ఆ మూట పట్టుకోమంటే పట్టుకోనివ్వండి. ఖర్జూరపు పాకంలో అక్రోటు పలుకులు కలిపిన హరోసెత్ అనే తీపి పదార్థం ఆ ఇళ్ళ ప్రత్యేకత. మీ సహోద్యోగి ఇంట్లో అదే పేరుతో తరిగిన ఆపిల్, అక్రోటు, దాల్చిన చెక్క కలిపినది ఉంటుంది. రెండూ ఐగుప్తులో బానిసలు తొక్కిన బంకమట్టికి గుర్తులే. చేదు కూర కింద గుర్రపుముల్లంగి తురుము పెడితే మాత్రం కొద్దిగా తీసుకోండి, ఆవపిండిలాగా ముక్కుకు ఎక్కుతుంది.

శాకాహారం సంగతి ముందే ఫోన్‌లో చెప్పండి, చారులోకి కోడి మాంసపు నీరు వాడటం చాలా ఇళ్ళలో అలవాటు. గుడ్డు తింటారో లేదో కూడా చెప్పడం మంచిది. రొట్టె, పిండివంటలు లేని వారం కనుక కేకుల నుంచి కూరల వరకు గుడ్డు వాడకం విపరీతం. సెడెర్ పళ్ళెంలో కాల్చిన ఎముక ఒకటి కనిపిస్తుంది, అది దేవాలయ కాలపు గొర్రెపిల్ల బలికి గుర్తు, తినడానికి కాదు. శాకాహార యూదులు కొందరు దాని స్థానంలో కాల్చిన బీట్‌రూట్ పెడతారు, ఆధారమేమిటంటే రవ్ హూనా చెప్పిన ఆ బీట్ కూర మాటే. మీరు వెళ్ళే ఇంట్లో అన్నం, చిక్కుడు గింజలు, కూరగాయలు దండిగా ఉంటాయి కనుక మీకు కడుపు నిండుతుంది. అదే మీ సహోద్యోగి పిలిచి ఉంటే బంగాళాదుంపలతో, సలాడ్‌తో, మాత్సాతో సరిపెట్టుకోవలసి వచ్చేది.